ఎర్ర పోగు, కాఫీ చుట్టలు

ఆ ఎండాకాలం నాకు సిగ్గుతోనే మొదలై సిగ్గుతోనే ముగిసింది. మొదట పడిన సిగ్గంతా ఉత్తపుణ్యానికి పడ్డానని తర్వాత తెలిసింది. ఆఖరున పడిన దానికి మాత్రం వంక పెట్టడానికేమీ లేదు, అది నాకు రావలసిందే.

మాది పోచంపల్లి. పట్టుచీరలు నేసే ఇల్లు. ముందు గదిలో రెండు గుంట మగ్గాలుండేవి, ఒకటి మా ఆయనది, రెండోది మా అబ్బాయి అరుణ్‌ది. అరుణ్ నేత మానేసి చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో షిఫ్టులకు పోతున్నా, వాడి మగ్గాన్ని మా ఆయన ముట్టనివ్వలేదు. దాని మీద పాత చద్దర్లు పడి ఉండేవి. కరోనా పోయిన మరుసటి వేసవిలో మా కోడలు స్వర్ణలత ఆ జాగా కావాలంది. ఎందుకంటే, రొట్టెలు కాల్చే కరెంటు పొయ్యి పెట్టుకోవడానికంది.

"మగ్గం మీద పొయ్యి వెడతవా బిడ్డా?" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మగ్గం మీద గాదు అత్తమ్మా. మగ్గం తీసి, గుంట పూడ్చి."

స్వర్ణలత నల్లగొండ పిల్ల. పెళ్ళికి ముందు హైదరాబాదులో ఒక బేకరీలో పనిచేసింది. మాట మెత్తగా ఉంటుంది గాని, పట్టిన పట్టు వదిలే రకం కాదు. అరుణ్ తట్టలతో మట్టి తెచ్చి గుంటలో పోస్తుంటే, మా ఆయన బయట అరుగు మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నేసేటప్పుడు కాళ్ళు దించుకునే ఆ గుంట పూర్తిగా నిండేదాకా ఇటు చూడలేదు. పోచంపల్లిలో మగ్గం తీసేసిన ఇల్లు మాదొక్కటే కాదు. రొట్టెల కోసం తీసేసిన ఇల్లు మాత్రం మాదొక్కటే.

ఆ రొట్టెల సంగతి చెప్పాలి. ఇటలీ దేశంలో తిరామిసు అని ఒక మిఠాయి ఉందట. కాఫీలో ముంచిన బిస్కెట్ల మీద మీగడ పరిచి, పైన చేదు చాక్లెట్ పొడి చల్లుతారట. హైదరాబాదు బేకరీలో దాన్ని గ్లాసుల్లో పోసి, చెంచా వేసి ఇచ్చేవారట. మా కోడలు దాన్ని రొట్టెలోకి తెచ్చింది. మైదాపిండిని పాలు, గుడ్డు, వెన్న వేసి పిసికి, పొంగనిచ్చి, చాపలా పరిచి, దాని మీద వెన్నా బెల్లప్పొడీ కాఫీపొడీ కలిపి రాసి, చాప చుట్టినట్టే చుట్టేది. ఆ చుట్టను ముక్కలు కోసి కాల్చేది. వేడి మీదనే కాఫీ డికాక్షన్ పూసేది. ఇటలీ మీగడ మనకెక్కడిది? బర్రెపాల మీగడను నిమ్మరసంతో విరిచి, పలుచని తెల్లబట్టలో కట్టి వేలాడదీసి, చక్కెర కలిపి చల్లారిన ముక్కల మీద పట్టించేది. పైన ఆ చేదు పొడి.

సాయంత్రమయ్యేసరికి ఆ వాసన వీధంతా పాకేది. రంగు ఉడికే వాసనా, తడి పట్టు వాసనా తప్ప ఇంకోటి ఎరగని వీధి మాది. పైగా చాయ్ తాగే ఊరు. "మీ ఇంట్ల కాఫీ హోటల్ వెట్టిండ్రా సుభద్రక్కా" అని ఒకామె, "మగ్గం మీద ఏం నేస్తున్నరు, బన్నులా" అని ఇంకొకామె. బోరింగు కాడికి పోవాలంటే కాళ్ళు రాకపోయేవి. నేను వాటిని కాఫీ చుట్టలు అనేదాన్ని, కోపంతోనే అన్నాను మొదట. ఆ పేరే ఊళ్ళో పడిపోయింది.

మా ఆయన ఒకటే మాట చెప్పాడు. "కొననీకి వచ్చేటోళ్ళు ఎనుక సందు నుంచి రావాలె. ముందర దర్వాజ చీరెలకు వచ్చేటోళ్ళది."

ఆదివారాలు హైదరాబాదు నుంచి జనం కార్లలో వచ్చి మగ్గాలు చూసి పోయేవాళ్ళు. వాళ్ళ ధ్యాస ఆ వాసన మీదికి మళ్ళేది. వెనక సందులో మోరీ దాటుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మరీ వచ్చేవాళ్ళు. నేను ఆ తలుపు సందులోంచి అట్టపెట్టెలు అందిస్తూ చుట్టుపక్కల డాబాల మీదికి చూసేదాన్ని, ఎవరైనా నన్ను చూస్తున్నారేమోనని. దొంగసరుకు అమ్ముతున్నట్టే ఉండేది నా వాలకం.

కృష్ణకాంత్ మాకు పట్టు ఇచ్చి, నేసిన చీర తీసుకునే ఆసామి. మెయిన్ రోడ్డు మీద పెద్ద చీరల దుకాణం ఆయనది. మా ఆయన కన్నా చిన్నవాడు, అన్నా అని పిలుస్తాడు. ఆ వేసవిలో ఆయన బిడ్డ వర్షితకు చీర కట్టించే ఫంక్షన్ ఉంది. ఆ పిల్ల తొలిసారి కట్టే పట్టుచీర మా ఆయన చేతనే నేయించాలని కూర్చున్నాడు. ఎర్రచీరే కావాలన్నాడు.

"ఎరుపంటె దయాకరన్న ఎరుపే" అనేవాడు. ఊరంతా అనేది. ఎరుపు మహా మొండి రంగు. మిగతావి పట్టును పట్టుకుని కూర్చుంటాయి, ఇది మాత్రం ఉతికిన కొద్దీ నీళ్ళలోకి దిగుతూనే ఉంటుంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఓపిగ్గా ఉతకాలి. మా ఇంటి ఎరుపు చీర తడిసినా పక్కనున్న తెలుపు మీదికి పాకదని మాకు పేరు. చెప్పుకోవడానికి మాకున్న ఆస్తి ఆ పేరొక్కటే.

చీర మగ్గం మీద ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి వచ్చిన కృష్ణకాంత్ చేతిలో స్వర్ణలత ఒక చుట్ట పెట్టింది. మా ఆయన ముఖం మాడ్చుకున్నాడు. కృష్ణకాంత్ నిలబడే తిన్నాడు. తిని, వేళ్ళకంటిన మీగడ కూడా నాకాడు.

"గిది నువ్వు చేసినవా బిడ్డా?"

"అవును చిన్నమామయ్యా."

"ఫంక్షన్ల అందరికి గిదే వెడత, వేరే మిఠాయి ఎందుకు? మంచిగ కుదిరిందనుకో, మా దుకాణం ముందర గా మూల జాగా ఖాళీగనే ఉన్నది. గాడ పెట్టుకో. ఆదివారం వచ్చేటోళ్ళు చీరె చూస్తరు, గిది తింటరు. కిరాయి ఫికర్ చెయ్యకు."

స్వర్ణలత తల ఊపింది, అంతే. లోపలికి వచ్చి పొయ్యి మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదలు. మోరీ పక్కనుంచి మెయిన్ రోడ్డు మీదికి వెళ్ళడమంటే ఆమెకు ఎంత పెద్ద సంగతో అప్పటిదాకా నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

"గీ ఒక్క ఫంక్షన్ మంచిగైతె చాలు అత్తమ్మా. ఇంకేం అడగ" అంది.

ముందు గదిలోంచి మా ఆయన గొంతు వినబడింది. "పట్టుచీరెల దుకాణం ముందర గుడ్ల బన్నులు. మస్తు ముచ్చటగుంటది."

రంగు వేసిన పట్టును రాట్నం మీద కండెలకు చుట్టేది నేను. వర్షిత చీర పట్టు చుట్టుతుంటే చెమటకు నా వేళ్ళ కొసలు ఎర్రబడ్డాయి. ఆయనకు చూపించాను.

"చెమటకు ఏదైన అంటుతది. సబ్బుతోని కడుక్కో" అన్నాడు, చూసీ చూడకుండా.

కడుక్కున్నాను, పోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన రంగును అనుమానించింది లేదు, అప్పుడూ అనుమానించలేదు. అనుమానించలేదంటాను గాని, కడుక్కున్నంతసేపూ ఎవరికీ కనబడకుండా గోడ వైపు తిరిగే కడుక్కున్నాను.

ఫంక్షన్ ముందు రోజు ఇల్లంతా పిండి. స్వర్ణలత పొద్దున్నే మొదలుపెట్టింది. నేనెప్పుడూ ఆ పనిలో చెయ్యి పెట్టేదాన్ని కాదు, పెట్టెలు అందించడం వరకే. ఆ రోజు మాత్రం చూస్తూ ఉండలేక కొంగు బిగించాను.

ఆ చుట్టలను కత్తితో కోయరు. కత్తి పడితే పిండి నొక్కుకుపోయి పొరలన్నీ అతుక్కుంటాయి. దారాన్ని చుట్ట కిందికి జరిపి, రెండు కొసలు పైకి తెచ్చి, ఒకదాని మీదుగా ఒకటి దాటించి లాగితే ముక్క గుండ్రంగా తెగుతుంది. స్వర్ణలత తెల్లటి నూలు దారం వాడేది. అంత పిండి ఎన్నడూ కోసింది లేదేమో, దారం పీచులు లేచి పుటుక్కున తెగిపోయింది. ఇంకో ముక్క తీసింది, అదీ తెగింది.

"అత్తమ్మా, జర గట్టి దారం ఉన్నదా?"

సాలోళ్ళ ఇంట్లో దారం ఉన్నదా అని అడగడమా. మగ్గం దగ్గరికి పోయి, వర్షిత చీరలో మిగిలిన ఎర్ర కండె తెచ్చాను. పట్టు పోగులు నాలుగు కలిపి పేనితే ఎంత లాగినా తెగదు. నిజం చెప్పాలంటే నాకు సంతోషంగానే ఉంది. ఇన్నాళ్ళకు ఆ పిల్ల పనికి నా చేతి వస్తువు ఒకటి అవసరమైంది.

స్వర్ణలత దాన్ని చూసి వెనకాడింది. "తెల్లది లేదా అత్తమ్మా? దీని రంగు దిగదా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరింట్ల అడుగుతున్నవ్ బిడ్డా గా మాట? మీ మామ ఎరుపు దిగుడా? పో, ఊళ్ళె అడిగిరా పో."

"గట్లగాదు అత్తమ్మా, పిండి తడిగుంటది, వెన్న ఉంటది..."

"మీ బేకరీ దారం మంచిది, మా ఇంటి పోగు మంచిది గాదు. గంతే గదా నువ్వనేది."

స్వర్ణలత పోగు కోసం చెయ్యి చాచింది. నేనివ్వలేదు, నేనే కోస్తానన్నాను. తెల్లపట్టు అటక మీద మూటలో ఉంది. ఆ సంగతీ, నా వేళ్ళకంటిన ఎరుపు సంగతీ గుర్తుకు రాకపోలేదు. గుర్తొచ్చిన కొద్దీ పోగును ఇంకా గట్టిగా లాగాను. అదీ నా బుద్ధి.

అన్నీ నేనే కోశాను. చెయ్యి తిరిగిన పనే కదా, ఒక్క ముక్కా వంకర పోలేదు. స్వర్ణలత వాటిని ట్రేలలో పేరుస్తూ, "మీ చేతికి మస్తు మంచిగ వస్తున్నయ్ అత్తమ్మా" అంది. ఏదో మాట మీద ఇద్దరం నవ్వుకున్నాం కూడా. పోగు తడిసి కాఫీ వెన్నతో ముదురు గోధుమరంగుకు తిరిగింది. ముక్కలదీ కాఫీ రంగే. అందులో ఎరుపు ఎవరికి కనబడుతుంది? కాలి బయటికి వచ్చాక ఇల్లంతా ఘుమఘుమలు. మర్నాడు పొద్దున మీగడ పట్టించి, పొడి చల్లి, మూతలు బిగించి ఫంక్షన్ హాలుకు ఆటోలో పంపాం.

హాలు నిండా మా పద్మశాలీలే. పుట్టింది మొదలు రంగులు చూస్తూ పెరిగినవాళ్ళు. వేదిక మీద వర్షిత ఎర్రచీరలో కూర్చుంది. పిల్ల వెలిగిపోతోంది. కృష్ణకాంత్ మా ఆయన మెడలో శాలువా వేసి, "గీ చీరె మా దయాకరన్న నేసింది" అని మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొంగు సర్దుకుని నిటారుగా కూర్చున్నాను.

భోజనాల దగ్గర స్వర్ణలత ఒక ట్రే మూత తీసింది. తీసినామె అట్లాగే నిలబడిపోయింది. ఏమైందోనని నేను పక్కకు పోయాను. తెల్లటి మీగడ గులాబీ రంగుకు తిరిగి ఉంది, మధ్య మధ్య ఎర్రటి చారలు. ఎండకూ, మూత కింది ఉక్కకూ చెమ్మ ఊరి, పిండిలో దాగిన ఎరుపంతా మీగడలోకి పాకింది. రెండో ట్రే మూత తీసింది, అదీ అంతే. మూడోదాన్ని వడ్డించే మనిషి అప్పటికే ఎత్తుకుపోయాడు.

స్వర్ణలత ఉరికింది. "తినకుండ్రి. ఎవ్వలు ముట్టకుండ్రి" అంటూ ముందు బల్ల వాళ్ళ ప్లేట్లలోంచి తన చేత్తోనే చుట్టలు తీసేయసాగింది.

మా వీధి అమరేందర్ తన ప్లేటు ఇవ్వలేదు. అతనూ నేసేవాడే. వేలితో ఇంత మీగడ తీసి, బొటనవేలి మీద రాసి, కిటికీ వెలుగుకు పట్టి చూశాడు.

"గిది తినే రంగు గాదు. పట్టు రంగు లెక్క కొడుతున్నది" అన్నాడు.

మెల్లగానే అన్నాడు గాని, ఆ చుట్టుపక్కల వాళ్ళందరికీ వినబడింది. అందరూ ముందు మీగడను చూశారు, తర్వాత వేదిక మీది చీరను చూశారు, ఆ తర్వాత మా ఆయనను చూశారు.

మా ఆయన లేచి వచ్చాడు. ప్లేటు చేతిలోకి తీసుకున్నాడు. తన ఎరుపు తనకు తెలియదా? తల ఎత్తి నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

"నాదే తప్పు" అంది స్వర్ణలత. "క్రీముల కొత్త రంగు కలిపిన. అగ్గువకు దొరికిందని తెచ్చిన. గిట్లయితదని తెల్వలే. మాఫ్ చెయ్యుండ్రి."

ఆమె ఏ రంగూ కలపలేదు. అది నాకు తెలుసు, మా ఆయనకు తెలుసు. ఒక్క మాట అంటే సరిపోయేది. నేను ఆయన నోటి వైపే చూస్తున్నాను.

"పిల్ల చేతి పని గదా, గట్లనే ఉంటది" అన్నాడు మా ఆయన. ప్లేటు బల్ల మీద పెట్టి, శాలువా భుజం మీద సరిచేసుకుని, పోయి తన కుర్చీలో కూర్చున్నాడు.

నేను మాత్రం ఏం చేశాను? పోగు ఇచ్చింది నేను, కోసింది నేను. నా నోరు కూడా పెగల్లేదు.

కృష్ణకాంత్ కేకలు వేయలేదు. జిలేబీల కోసం మనిషిని పంపించి, స్వర్ణలత దగ్గరికి వచ్చాడు. "జాగా సంగతి ఇప్పుడొద్దు బిడ్డా. తర్వాత చూద్దాం" అన్నాడు. ఆమె ట్రేలన్నీ మోసుకుని అంతమంది మధ్య నుంచి నడిచింది. కూర్చున్న ఆడవాళ్ళు చీరల కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని దారి ఇచ్చారు. నేను ఖాళీ సంచి ఒకటి పట్టుకుని ఆమె వెనకాలే నడిచాను. ఎవరి ముఖమూ చూడలేదు.

ఇంటికొచ్చాక ట్రేలు తోముతున్న పిల్ల పక్కన కూర్చున్నాను. "ఎందుకట్ల అన్నవ్ బిడ్డా" అని అడిగాను.

"మరేమనాలె అత్తమ్మా? గా చీరె పిల్ల ఒంటి మీదున్నది. గంతమందిల మామయ్యను ఏమనాలె?" అంది. పీచు వేసి తోముతూనే ఉంది.

ఒక తెల్లగుడ్డ తడిపి, ఎర్ర కండె తీసుకుని మా ఆయన దగ్గరికి పోయాను. ఆయన మగ్గంలో ఉత్తగా కూర్చుని ఉన్నాడు. ఆయన ముందే పోగును తడిగుడ్డలో పెట్టి లాగాను. గుడ్డ మీద ఎర్రటి గీత పడింది. దాన్ని బొటనవేలితో తడిమాడు.

"రంగు పొడి కొత్త దుకాణంల తెచ్చిన. ఉతుకుతుంటె ఎర్రనీళ్ళు ఆగలే. తేదీ దగ్గరికొచ్చింది. ఎవలు చూస్తరులే అనుకున్న" అన్నాడు.

"మరి గక్కడ ఎందుకు చెప్పలే?"

గుడ్డను మడతపెట్టి మగ్గం కింద దోపాడు. నా మీద అరిచినా బాగుండేది.

తర్వాత వెనక సందుకు ఎవరూ రాలేదు. రంగు బన్నులని ఊళ్ళో పేరు పడింది. పక్కింటి పిల్లలు కూడా, తినొద్దన్నదమ్మా మా అమ్మ, అని దూరం నుంచే పోయేవాళ్ళు. స్వర్ణలత పిండి పిసకడం మానేసింది. పొయ్యి మీద బట్ట కప్పింది. ఒకప్పుడు మగ్గం మీద కప్పిన చద్దరే అది. నేను ఉండబట్టలేక కృష్ణకాంత్ ఇంటికి పోయాను, నిజం చెప్పేద్దామని. ఆయన భార్య శ్రీదేవి నన్ను లోపలి గదిలోకి తీసుకుపోయి, బీరువాలోంచి వర్షిత ఆ చీర మీదికి తొడుక్కున్న గంధం రంగు జాకెట్టు తీసి మంచం మీద పరిచింది. చంకల కింద, నడుము దగ్గర ఎర్రటి మరకలు.

"గిది ఎవ్వలకు చూపియ్యలేదక్కా. ఎన్నిసార్లు ఉతికినా పోలే" అంది.

కృష్ణకాంత్ గడప దగ్గరే నిలబడ్డాడు.

"గా రోజే తెల్సింది వదినా. కోడలు అబద్ధమాడిందని గూడ తెల్సు."

"తెల్సినంక గూడ ఆ పిల్లకు జాగా ఎందుకియ్యవ్?"

"ఎట్లియ్యాలె? ఊరంత తప్పు పిల్లదే అనుకుంటున్నరు. నేను నోరు తెరిస్తె అన్న పరువు తీసినోన్నయిత. గా మాట అన్ననే వచ్చి చెప్పాలె. ఇక్కడ గాదు, దుకాణంల, అందరి ముందర. గా పొద్దు అందరున్నరు గదా."

ఇంటికొచ్చి మా ఆయనకు ఆ మాట అట్లాగే అప్పజెప్పాను. విన్నాడు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. పదిహేను రోజులు గడిచాయో నెల గడిచిందో, ఇంట్లో నలుగురం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తిరిగాం. ఆయన మెయిన్ రోడ్డు వైపు పోవడమే మానేశాడు.

అరుణ్‌కు విసుగొచ్చింది. చౌటుప్పల్‌లో బేకరీ పెట్టుకుంటున్న వాళ్ళెవరితోనో మాట్లాడి, పొయ్యి అమ్మేస్తున్నానన్నాడు. స్వర్ణలత సరేనంది. ట్రాలీ ఆటో వచ్చే పొద్దున ఆమె పొయ్యి ముందు కూర్చుని, లోపలి ఇనుప పళ్ళాలు ఒక్కొక్కటీ బయటికి తీసి, అద్దంలా మెరిసేదాకా తోమి, మళ్ళీ లోపల పెట్టింది. అమ్మేసే వస్తువును అంతగా తోమడమెందుకని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

అరుణూ డ్రైవరూ చెరోవైపు పట్టి పొయ్యిని గడప దాకా తెచ్చారు.

"దించుండ్రి" అన్నాడు మా ఆయన మగ్గంలోంచి.

"నాయినా, వాళ్ళకు మాటిచ్చిన..."

"దించుమన్న గదా."

మగ్గంలోంచి లేచి, చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటూనే బయటికి నడిచాడు, చెప్పులు కూడా వేసుకోలేదు. ఎండకు రోడ్డు కాలిపోతోంది. డ్రైవర్ కాసేపు చూసి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

దుకాణంలో ఏం జరిగిందో నేను చూడలేదు. పోనీకి ధైర్యం చాలలేదు. ఊళ్ళో చెప్పుకున్నది విన్నాను. చీరలు కొనడానికి వచ్చినవాళ్ళూ, పట్టు కోసం వచ్చిన నేతగాళ్ళూ ఉండగా, గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాడట. లోపలికొచ్చి కూర్చోమంటే కూర్చోలేదట. సాయంత్రానికి తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని, "ఆదివారం నుంచి గా మూలకు పెట్టుకో బిడ్డా" అన్నాడు.

"ఏం చెప్పిండ్రు మామయ్యా?" అంది స్వర్ణలత.

"ఉన్నది చెప్పిన."

మర్నాడు కృష్ణకాంత్ మనిషి వచ్చి, మా ఇంట్లో ఉన్న పట్టు వాపస్ తీసుకుపోయాడు. మా ఆయన పొద్దున్నే మూట కట్టి గడప పక్కన పెట్టి ఉంచాడు. ఆ మనిషికి అడగాల్సిన పనే పడలేదు.

ఆదివారం దుకాణం ముందు మూలలో బల్ల వేశాం. స్వర్ణలత చుట్టలు పేర్చింది, మీగడ మల్లెపువ్వులా ఉంది. రమ్మని ఎవరూ పిలవకపోయినా మా ఆయన వచ్చి స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఊరివాళ్ళు దూరం నుంచి చూసి పోతున్నారే తప్ప ఒక్కరూ దగ్గరికి రాలేదు. మొదటి బేరం హైదరాబాదు నుంచి వచ్చిన ఒక జంట. ఆమె పెట్టె తీసుకుని వాసన చూసి నవ్వింది. మా ఆయన స్టూలు మీద నుంచి లేచాడు.

"అమ్మా, మొన్నొకపారి వీటికి రంగు అంటింది. అది గీ పిల్ల తప్పు గాదు. నా పట్టు పోగు రంగు దిగింది. తప్పు నాది."

ఆమెకు ఏం అర్థమవుతుంది? భర్త ముఖం చూసింది. పెట్టె మూసి బల్ల మీద పెట్టి, మళ్ళీ వస్తామండీ అని వెళ్ళిపోయారు. తర్వాత వచ్చిన కాలేజీ పిల్లలకూ అదే చెప్పాడు. వాళ్ళు నవ్వుకుంటూ పోయారు.

"మామయ్యా, వాళ్ళకేం తెల్వదు గదా. వాళ్ళకెందుకు చెప్పుడు?" స్వర్ణలత బతిమాలుతున్నట్టే అంది.

"గా పొద్దు చెప్పవలసినప్పుడు చెప్పలే గదా బిడ్డా" అన్నాడు.

సిగ్గుతో నాకు ఒళ్ళు చచ్చిపోయింది. రెక్క పట్టుకుని ఇంటికి గుంజుకుపోదామా అనిపించింది. ఏ మొహం పెట్టుకుని గుంజుకుపోను? పోగు ఇచ్చిన దాన్ని నేను, బల్ల చాటున నిలబడి నోరు మూసుకుని ఉన్నదాన్నీ నేనే. ఇంతలో అమరేందర్ వచ్చాడు. ఎప్పటినుంచి వింటున్నాడో, బల్ల ముందు నిలబడి, "ఒకటియ్యి బిడ్డా" అన్నాడు. అక్కడే తినడం మొదలుపెట్టాడు. అతను తినడం చూసి రోడ్డవతల ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇటు కదిలారు.

అప్పుడే కారు దిగి ఒక పెద్దామె వచ్చింది. మా ఆయన చెప్పేదంతా ఓపిగ్గా విని, చుట్ట తిని, చాలా బాగుందమ్మా అని స్వర్ణలతకు చెప్పి, రెండు పెట్టెలు కట్టమంది. తర్వాత మా ఆయన వైపు తిరిగింది.

"మీరు నేస్తారన్నమాట. దుకాణంలో కాదండీ, నేసేవాళ్ళ ఇంట్లోనే కొనాలని వచ్చాను. మా అమ్మాయికి ఎర్రచీర కావాలి. మీ ఇల్లు ఎటు?"

వచ్చినవాళ్ళంతా చూస్తున్నారు. మా ఆయన చెయ్యెత్తి మా వీధి వైపే చూపించాడు.

"ఎరుపైతె మా ఇంట్ల వద్దమ్మా. గా సందుల నీలం దర్వాజ ఇల్లు. ఈ తమ్ముడిదే. ఈయన రంగు మంచిది, దిగదు."

అమరేందర్ నోట్లో ముద్ద అట్లాగే ఉండిపోయింది. మింగలేక, ఆమెకు ఏం చెప్పాలో తెలియక, మా ఆయన ముఖం వైపు చూడలేక, చేతిలో సగం చుట్టతో తల దించుకుని నిలబడ్డాడు.

"పో తమ్మీ" అన్నాడు మా ఆయన. "ఆమెకు తొవ్వ దెల్వది. ఎంట తీస్కపోయి చూపియ్యి."